పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: కూలిన జర్మనీ ఎలా లేచింది, ఫ్రాన్స్ ఎందుకు చెయ్యి కలిపింది

గత సంచికలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి జర్మనీ గురించి రాస్తూ, "నేలమట్టమైన నగరాలు పదిహేనేళ్లలో తిరిగి లేచాయి, బద్ధశత్రువులు మిత్రులయ్యారు" అన్నాం. అది ఎలా జరిగిందో చెప్పకుండా వదిలేశారేమని చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో కొన్నిటికి ఈసారి జవాబులు.

కూలిన ఊళ్లలోని రాళ్లూ రప్పలూ ఎక్కడికి పోయాయి? ముందు ఏ పని మొదలుపెట్టారు?
— ఒక సివిల్ కాంట్రాక్టర్, ఖమ్మం

జర్మనీ మొత్తం మీద పోగైన శిథిలాలు సుమారు 40 కోట్ల ఘనపు మీటర్లు. ఒక్క బెర్లిన్‌లోనే ఏడున్నర కోట్లు. మీ లెక్కలో చెప్పాలంటే, పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లు 4 కోట్ల ట్రిప్పులు తిరగాలి. అప్పుడు లారీలూ లేవు, ఉన్నవాటికి పెట్రోలూ లేదు.

మొదటి పని ఇళ్లు కట్టడం కాదు. వీధి మధ్యలో ఒక బండి పట్టేంత దారి తీయడం. ఆ వెంటనే నీటి పైపులు, మురుగు కాలవలు. బాంబు పడిన చోట ఈ రెండూ పక్కపక్కనే పగిలి ఉంటాయి. మురుగు మంచినీళ్లలో కలిస్తే టైఫాయిడ్, విరేచనాలు వస్తాయి, బాంబుల్లో మిగిలినవాళ్లు వాటికి పోతారు. అందుకే పైపు అతుకు వేయనిదే వీధిలోకి జనాన్ని రానివ్వకూడదనేది అనుభవం నేర్పిన పద్ధతి. తర్వాత ఒంటరిగా నిలబడ్డ గోడలు. పైకప్పు, అడ్డగోడలు లేని గోడ పెద్ద గాలికి కూడా పడిపోతుంది. దాన్ని ఇనుప తాడు కట్టి దూరం నుంచి లాగి పడగొట్టేవారు.

ఆ పైన ఇటుకలు. పాత జర్మన్ ఇళ్లు చాలావరకు సున్నపు గారతో కట్టినవి. మన పాత పెంకుటిళ్లలో గానుగ సున్నం పెట్టిన ఇటుకను సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే ఎలా శుభ్రంగా వస్తుందో అలాగే వచ్చింది. సిమెంటుతో కట్టి ఉంటే ఇటుకే పగిలిపోయేది. గీకి శుభ్రం చేసిన ఇటుకలను లెక్క తేలిగ్గా ఉండేలా 200 చొప్పున దొంతర పెట్టేవారు. ఈ పని చేసిన స్త్రీల ఫొటోలు లోకమంతా చూసింది. బెర్లిన్‌లో వాళ్లకు గంటకు 72 ఫెనిగ్‌ల (మార్కులో నూరో వంతు ఒక ఫెనిగ్) కూలి. అసలు ఆకర్షణ కూలి కాదు, రేషన్ కార్డు. ఇంట్లో ఉండే గృహిణికి దక్కేది అన్నిటికంటే తక్కువ తరగతి కార్డు, జనం దానికి "శ్మశానం కార్డు" అని పేరు పెట్టారు. శిథిలాల్లో పనికి వెళ్తే కార్మికుల కార్డు వచ్చేది, పిల్లల నోట్లోకి మరో రొట్టెముక్క వెళ్లేది. అయితే ఆడవాళ్లే దేశమంతా ఎత్తిపోశారన్నది పూర్తి నిజం కాదని ఈమధ్య చరిత్రకారులు లెక్కలు తీసి చూపించారు. ఎక్కువ భాగం ఎత్తింది యంత్రాలున్న కాంట్రాక్టు సంస్థలు, వీధుల్లో వేసిన సన్నపట్టాల మీద నడిచిన డబ్బాల రైళ్లు.

పగిలిన ఇటుకను పిండి కొట్టి, కంకర బదులు కాంక్రీటులో వేశారు. మీ వృత్తికి పనికొచ్చే సంగతి ఇక్కడే ఉంది. ఇటుక ముక్క నీళ్లు పీలుస్తుంది. పొడిగా వేస్తే సిమెంటుకు దక్కాల్సిన నీళ్లు అదే తాగేస్తుంది, కాంక్రీటు పొడిపొడిగా తేలుతుంది. కాబట్టి ముందే బాగా తడపాలి. రెండోది, ఇటుకలతో పాటు గోడల జిప్సం ప్లాస్టర్ కలిసి వస్తే మరీ ప్రమాదం. అందులోని సల్ఫేటు సిమెంటుతో కలిసి, చెమ్మ తగిలినప్పుడల్లా ఉబ్బుతుంది, కొన్నాళ్లకు గోడ చీలుతుంది. ఇప్పటికీ పాత బిల్డింగులు కొట్టిన చెత్తను వాడేచోట మొదట ఏరెయ్యాల్సింది జిప్సాన్నే.

దేనికీ పనికిరానిది కొండలుగా పోశారు. బెర్లిన్ పడమటి అంచున సముద్రమట్టానికి 120 మీటర్ల ఎత్తున ఉన్న 'దయ్యం కొండ' అలా పుట్టిందే. దాని అడుగున హిట్లర్ కాలంలో సగం కట్టిన సైనిక కళాశాల ఉంది. పేల్చినా పడకపోయేసరికి దాని మీదే శిథిలాలు పోసి పూడ్చేశారు. ఇవాళ ఆ కొండ మీద చెట్లున్నాయి, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటారు.

డబ్బు విలువే పోయిన దేశంలో కొత్త నోట్లు ఎలా తెచ్చారు? 2016లో మనం పడ్డ అవస్థ వాళ్లూ పడ్డారా?
— ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

వాళ్లది పెద్ద నోట్ల రద్దు ఒక్కటే కాదు, మొత్తం నోటునే మార్చడం. హిట్లర్ యుద్ధ ఖర్చుకు నోట్లు అచ్చేసి ధరలను మాత్రం చట్టంతో బిగించాడు. యుద్ధం అయ్యాక చేతినిండా రైక్‌మార్కులు (అప్పటి పాత నోట్లు), కొట్లో సరుకు సున్నా. గంటకు మార్కు చుట్టూ కూలి ఉన్న రోజుల్లో నల్లబజారులో ఒక అమెరికన్ సిగరెట్టు ఐదారు మార్కులు పలికింది. సిగరెట్టే నాణెమైపోయింది. రైతు బంగాళాదుంపలు అమ్మడు, బొగ్గుకో తివాచీకో మార్పిడి చేస్తాడు.

అమెరికాలో రహస్యంగా అచ్చేసిన కొత్త నోట్లను దాదాపు 23 వేల చెక్కపెట్టెల్లో ఓడల మీద తెచ్చి దాచారు. 1948 జూన్ 20, ఆదివారం. రేషన్ కార్డులిచ్చే చోట్లే క్యూలు. తలకు 40 డాయిష్ మార్కులు ఆ రోజు, మరో 20 కొన్ని వారాల తర్వాత. యజమానులకు పనివాడికి 60 చొప్పున ఇచ్చారు, మొదటి జీతాలు ఆగకూడదని. జీతాలు, అద్దెలు, పింఛన్లు ఒకటికి ఒకటి. అప్పులు పదికి ఒకటి. బ్యాంకులో దాచుకున్న డబ్బుకు కూడా మొదట పదికి ఒకటే అన్నారు, అందులో సగం స్తంభింపజేశారు, తర్వాత ఆ సగంలోనూ చాలా భాగం రద్దు చేశారు. చివరికి నూటికి ఆరున్నర మార్కులే చేతికొచ్చాయి.

అదే రోజుల్లో ఆర్థిక వ్యవహారాలు చూస్తున్న లుడ్విగ్ ఎర్హార్డ్ చాలా వస్తువుల మీద ధరల నియంత్రణ ఎత్తేశాడు. సోమవారం పొద్దున కొట్ల అద్దాల వెనక బూట్లు, గిన్నెలు, కూరలు ప్రత్యక్షమయ్యాయి. అవేవీ రాత్రికి రాత్రి తయారైనవి కావు. కొత్త నోటు కోసం దాచి ఉంచినవి. ఆ అద్దాల ముందు నిలబడి, చేతిలో 40 మార్కులతో, అన్నాళ్లూ లేదన్న సరుకును చూసిన తల్లికి ఎంత మండి ఉంటుందో ఊహించండి. జీతాలు అలాగే ఉండగా ధరలు పెరిగాయి. 1948 నవంబర్ 12న 90 లక్షల మందికి పైగా ఒకరోజు సమ్మె చేశారు. 1950 మొదట్లో నిరుద్యోగులు 20 లక్షలు. పాఠ్యపుస్తకాల్లో "ఆర్థిక అద్భుతం" అని చదివేది ఈ రెండేళ్ల కష్టాన్ని మింగేస్తుంది.

బ్యాంకు మనిషిగా మీకు అన్యాయం ఎక్కడుందో కనబడే ఉంటుంది. డబ్బు దాచుకున్నవాడు మునిగాడు. ఇల్లు, పొలం, ఫ్యాక్టరీ ఉన్నవాడికి చెక్కు చెదరలేదు. అప్పున్నవాడికి అప్పు కూడా కరిగింది. పైగా తూర్పు నుంచి తరిమేస్తే కట్టుబట్టలతో వచ్చిన 80 లక్షల మంది పశ్చిమ జర్మనీలో ఉన్నారు. దీనికి విరుగుడుగా 1952 ఆగస్టులో 'భారం పంచుకునే చట్టం' చేశారు. మాకు తెలిసినంతలో యుద్ధానంతర చట్టాల్లో ఇంతకంటే గట్టిగా ఆలోచించి రాసింది అరుదు. నోట్లు మారిన మర్నాటికి ఎవరికి ఎంత ఆస్తి ఉందో లెక్కగట్టి, చిన్న మినహాయింపు పోగా మిగిలిన దానిలో సగం పన్ను వేశారు. కానీ ఒక్కసారి కట్టమనలేదు. మూడు నెలలకో వాయిదా, 1979 దాకా. ఆస్తి అమ్ముకోనక్కర్లేదు, దాని మీద వచ్చే రాబడితోనే కట్టవచ్చు. ఆ డబ్బు ఇల్లు కాలిపోయినవాళ్లకు, ఊరు వదిలి వచ్చినవాళ్లకు పరిహారంగా, ఇంటి రుణంగా వెళ్లింది. లోపం లేకపోలేదు. ఆస్తుల విలువ పెరుగుతూ పోయింది, వాయిదా మాత్రం పాత విలువ మీదే ఉండిపోయింది. ఏళ్లు గడిచేకొద్దీ ఇచ్చేవాడికి తేలికైంది, పుచ్చుకునేవాడికి చాలకుండా పోయింది. అయినా అన్నీ పోగొట్టుకున్న 80 లక్షల మంది వీధిన పడి తిరగబడకుండా ఆపింది ఈ వాయిదాలే.

మార్షల్ ప్లాన్ అంటే అమెరికా డబ్బు సంచులు పంచడమేనా?
— పోటీ పరీక్షలకు చదువుతున్న ఒక విద్యార్థిని, కర్నూలు

కాదు. యుద్ధంలో చితికిన యూరప్ దేశాలకు సాయం చేస్తామని 1947 జూన్ 5న అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ మార్షల్ ప్రకటించారు, 1948 ఏప్రిల్‌లో చట్టమైంది, 1952 దాకా సుమారు 1,300 కోట్ల డాలర్లు. ఎక్కువ దక్కింది బ్రిటన్‌కు, తర్వాత ఫ్రాన్స్‌కు. పశ్చిమ జర్మనీ వాటా సుమారు 140 కోట్లే. ఇది పరీక్షలో చాలామంది తప్పు రాసే విషయం.

పని ఇలా జరిగేది. ఒక జర్మన్ మిల్లుకు పత్తి కావాలి, డాలర్లు లేవు. అమెరికా ప్రభుత్వం తమ దేశపు వ్యాపారికి డాలర్లలో చెల్లిస్తుంది. పత్తి ఓడెక్కి వస్తుంది. మిల్లు యజమానికి అది ఉచితం కాదు, అతను మార్కుల్లో పూర్తి ధర కట్టాలి. ఆ మార్కులు అమెరికా వెళ్లవు, జర్మనీలోనే ఒక ప్రత్యేక ఖాతాలో పడతాయి. అందులో నూటికి 5 వంతులు అమెరికా ఖర్చులకు, మిగతా 95 అమెరికా ఒప్పుకున్న పనులకు. పశ్చిమ జర్మనీలో ఈ డబ్బును కరెంటు కేంద్రాలకు, బొగ్గు గనులకు, ఇళ్లకు అప్పుగా ఇవ్వడానికి 1948లో ఒక బ్యాంకు పెట్టారు, పేరు కె.ఎఫ్.డబ్ల్యూ. అప్పు తీరితే ఆ డబ్బే మరొకరికి. అలా తిరుగుతూ ఆ నిధి నేటికీ బతికే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యానికి రుణమిచ్చిన జర్మన్ బ్యాంకు ఇదే.

ఒకే డాలరు రెండుసార్లు పనిచేసిందన్నమాట: ఒకసారి పత్తిగా, మరోసారి పెట్టుబడిగా. ఉచితంగా పంచి ఉంటే మొదటి పనితోనే ఆగిపోయేది. ఇంకో షరతు కూడా ఉంది. ఏ దేశానికి ఆ దేశం చెయ్యి చాచకూడదు, అందరూ కూర్చుని ఎవరికేం కావాలో కలిపి రాసుకు రావాలి. అందుకోసం 1948లో ప్యారిస్‌లో ఒక ఉమ్మడి సంస్థ పెట్టారు. మూడేళ్ల కిందట ఒకరినొకరు కాల్చుకున్న దేశాల గుమాస్తాలు ఒకే బల్ల దగ్గర బొగ్గు టన్నులు లెక్కపెట్టుకోవడం అక్కడ అలవాటైంది.

జర్మనీతో శాంతి ఒప్పందం ఎప్పుడు కుదిరింది?
— ఒక పాఠకుడు, వరంగల్

మామూలు అర్థంలో కుదరనే లేదు. దేశం రెండుగా చీలి ఉంది కాబట్టి ఎవరితో సంతకం చేయించాలో తేలలేదు. ఒక్కో దేశం విడివిడిగా "యుద్ధ స్థితి ముగిసింది" అని ప్రకటించుకుంది. భారత్ 1951 జనవరి 1నే ఆ మాట అన్నది, బ్రిటన్, అమెరికా కంటే ముందు. సోవియట్ యూనియన్ 1955లో. శాంతి ఒప్పందం చేయాల్సిన పని చివరికి 1990 సెప్టెంబర్ 12న మాస్కోలో రెండు జర్మనీలు, నాలుగు విజేత దేశాలు చేసిన సంతకాలతో తీరింది.

నేరస్థ ప్రభుత్వంలో పనిచేసిన ఉద్యోగులందరినీ తీసేస్తే ఆఫీసులు ఎవరు నడపాలి? ఉంచితే న్యాయం ఏమైనట్టు?
— ఒక న్యాయవాది, రాజమహేంద్రవరం

దీనికి జర్మనీ ఇచ్చిన జవాబు మంచిది కాదు. కప్పిపుచ్చకుండా చెప్పాలి.

అమెరికన్లు 131 ప్రశ్నల ఫారం పంచారు: ఏ పార్టీ, ఏ సంఘం, ఎప్పటినుంచి, ఏ పదవి. జవాబుల్ని బట్టి ఐదు తరగతులు, పెద్ద నేరస్థుడి దగ్గర్నుంచి నిర్దోషి దాకా. లక్షల ఫారాలు పోగయ్యాయి. విచారణ స్థానిక మండళ్లకు అప్పగించారు. త్వరగా తేలేవి చిన్నవాళ్ల కేసులు కాబట్టి ముందు అవి పట్టుకున్నారు. తపాలా బంట్రోతుకు శిక్ష పడింది. పెద్ద కేసులు వెనకబడ్డాయి, అవి బల్ల మీదికి వచ్చేసరికి రష్యాతో పోటీ మొదలైంది, అందరికీ తొందర పెరిగింది. ఈలోగా "ఈయన మంచివాడు" అని పాస్టరుతోనో పక్కింటివాళ్లతోనో రాయించుకున్న కాగితాల వ్యాపారం మొదలైంది. పెర్సిల్ అనే బట్టల సబ్బుపొడి పేరు మీద జనం వాటిని "పెర్సిల్ చీటీలు" అన్నారు. 1951లో ఒక చట్టంతో ఉద్యోగాలు పోయినవాళ్లలో ఎక్కువమంది తిరిగొచ్చారు. విదేశాంగ శాఖ పైస్థాయిలో మూడింట రెండొంతులు పాత నాజీ పార్టీ సభ్యులేనని 1952లో చాన్సలర్ అడెనావర్ పార్లమెంటులోనే ఒప్పుకోవలసి వచ్చింది. వేలమందికి మరణశిక్ష వేసిన హిట్లర్ 'ప్రజా న్యాయస్థానం' జడ్జీల్లో ఒక్కరికి కూడా పశ్చిమ జర్మనీ కోర్టుల్లో శిక్ష నిలబడలేదు. బాధితులు ఈ అవమానాన్ని దశాబ్దాలు మోశారు. ఫ్రిట్జ్ బావర్ అనే ప్రాసిక్యూటర్ పట్టుబట్టి 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆష్విట్జ్ (నాజీల మరణ శిబిరం) విచారణ మొదలుపెట్టించే దాకా దేశం ముఖం తిప్పుకునే ఉంది.

రెండో కొసకు వెళ్తే ఏమవుతుందో ఇరాక్ చూపింది. 2003 మే 16న అక్కడి అమెరికన్ పాలనాధికారి ఇచ్చిన మొదటి ఉత్తర్వుతో సద్దాం హుస్సేన్ బాత్ పార్టీ పై నాలుగు అంచెలవాళ్లకు ప్రభుత్వోద్యోగాలు పోయాయి. మే 23న రెండో ఉత్తర్వుతో సైన్యమే రద్దయింది. లక్షలమంది ఆయుధాలు వాడటం తెలిసినవాళ్లు, జీతం లేకుండా, ఒకే వారంలో. తిరుగుబాటుకు మనుషుల్ని వెతుక్కోనక్కర్లేకపోయింది. మీ ప్రశ్నకు మా జవాబు: పార్టీ కార్డు చూసి కాదు, చేసిన పని చూసి విడదీయాలి. పెద్దవాళ్లతో మొదలుపెట్టాలి. తీసేసినవాళ్లకు విచారణ తేలేదాకా కొంత భృతి ఇవ్వాలి.

తరతరాల శత్రువులు ఫ్రాన్స్, జర్మనీ. ముందు మెట్టు దిగింది ఎవరు? ఆ మాట ఎలా కదిలింది?
— రాజనీతి శాస్త్రం అధ్యాపకురాలు, తిరుపతి

దిగింది గెలిచిన ఫ్రాన్స్. అది ఉదారత మాత్రమే కాదు, గడువు మీద పడటం కూడా. మంచి ఉక్కుకు కావలసిన కోకింగ్ బొగ్గు జర్మనీ రూర్ లోయలో ఉంది, ఇనుప ఖనిజం ఫ్రాన్స్ లొరేన్‌లో. 1871, 1918, 1940, 1945: ప్రతి యుద్ధానికీ లొరేన్ చేతులు మారింది. యుద్ధం తర్వాత జర్మన్ ఉక్కు ఉత్పత్తికి పరిమితి పెట్టారు. జర్మన్లు పెంచమంటున్నారు, అమెరికా వాళ్ల వైపు మొగ్గుతోంది. 1950 మే రెండో వారంలో లండన్‌లో మూడు దేశాల విదేశాంగ మంత్రుల సమావేశం. అక్కడికి ఖాళీ చేతులతో వెళ్తే పరిమితి ఎలాగూ పోతుంది, ఫ్రాన్స్‌కు ఏమీ మిగలదు. ఎలాగూ పోయేదాన్ని ముందే ఇచ్చేసి దానికి బదులు ఏదైనా సంపాదించాలి. విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్‌కు ప్రణాళికా విభాగాధిపతి జాన్ మొనే ఇచ్చిన సలహా అదే: రెండు దేశాల బొగ్గు, ఉక్కును ఒకే ఉమ్మడి మండలి కింద పెడదామని.

నడిపిన తీరు చూడండి. కాగితం తయారైంది కొద్దిమంది మధ్యే. బొగ్గు, ఉక్కు కంపెనీలకు చెప్పలేదు, చెబితే అడ్డం పడేవి. సొంత శాఖ అధికారుల్లో చాలామందికీ తెలియదు. ప్యారిస్ వచ్చిన అమెరికా మంత్రి డీన్ అచెసన్‌కు మాత్రం ముందే చెవిన వేశారు, ఎందుకంటే ఆయన కాదంటే పని సాగదు. బ్రిటన్‌కు చివర్లో తెలిసింది, మంత్రి బెవిన్ మండిపడ్డాడు. మే 8న షూమన్ మనిషి ఒకరు ఉత్తరాలు పట్టుకుని పశ్చిమ జర్మనీ రాజధాని బాన్ వెళ్లాడు. అడెనావర్ చదివి సరేనన్నాడు. మే 9న ఫ్రెంచి మంత్రివర్గం కూర్చుని ఉండగా ఆ సమ్మతి ప్యారిస్ చేరింది, అప్పుడే షూమన్ నోరు విప్పాడు. సాయంత్రం ఆరింటికి పత్రికలవాళ్లను పిలిచి చదివేశారు. తొందరలో కెమెరాలవాళ్లను పిలవలేదు. మీ పాఠ్యపుస్తకంలో ఉన్న ఫొటో తర్వాత మళ్లీ చదివించి తీసింది.

వరస గమనించండి: ముందు అవతలి పక్షం ఒప్పుకోలు, తర్వాత సొంత మంత్రివర్గం, ఆపైన జనం. తిరగేసి ఉంటే ప్యారిస్ పత్రికల్లో దుమారం రేగి, అడెనావర్ అవునని అనలేని స్థితి వచ్చేది.

1951 ఏప్రిల్ 18న ఆరు దేశాలు సంతకం చేశాయి: ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్. హాలండ్ కాగితం, జర్మన్ సిరా, ఫ్రెంచి ముద్రణ, బెల్జియం తోలు అట్ట, ఇటలీ పట్టు రిబ్బను, లక్సెంబర్గ్ జిగురు. ఇక లోపలి యంత్రం. తొమ్మిదిమంది సభ్యుల 'ఉన్నత అధికార మండలి', ఒక దేశం నుంచి ఇద్దరికి మించరాదు, సొంత ప్రభుత్వం మాట వినబోమని ప్రమాణం చేయాలి. మాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు డబ్బుది. మండలి ఏ దేశాన్నీ దేహీ అనకుండా, బొగ్గు, ఉక్కు ఉత్పత్తి మీద నేరుగా ఒక శాతం లోపు సుంకం వసూలు చేసుకుంటుంది. తగాదా వస్తే ఉమ్మడి కోర్టు.

నష్టపోయేవాళ్ల సంగతి? బెల్జియం గనుల్లో బొగ్గు తవ్వకం ఖరీదు. సరిహద్దులు తెరిస్తే జర్మన్ బొగ్గు ముందు అవి నిలవవు, బెల్జియం పార్లమెంటు ఒప్పుకోదు. అందుకని ఐదేళ్ల పాటు జర్మన్, డచ్ బొగ్గు మీద వసూలు చేసిన సొమ్మును బెల్జియం గనులకు ఇచ్చారు. పని పోయిన గని కార్మికులకు వేరే పని నేర్పడానికి నిధి పెట్టారు, ఇళ్లు కట్టించారు. ఆ ఐదేళ్లలో బెల్జియం గనులను మార్చుకోవాల్సింది, మార్చుకోలేదు. 1958లో చౌక చమురు వచ్చిపడి బొగ్గు గుట్టలు గుట్టలుగా పేరుకుపోయింది. "సంక్షోభం ప్రకటిద్దాం, ఉత్పత్తికి కోత పెడదాం" అని మండలి అడిగితే ప్రభుత్వాలు ఒప్పుకోలేదు. మంచి రోజుల్లో అప్పగించిన అధికారాన్ని చెడ్డ రోజుల్లో వెనక్కి లాక్కున్నాయి. అంతకుముందే 1954 ఆగస్టులో, ఇదే పద్ధతిలో ఉమ్మడి సైన్యం పెడదామంటే ఫ్రెంచి పార్లమెంటే తోసిపుచ్చింది. బొగ్గు పంచుకున్నంత తేలిగ్గా తుపాకీ పంచుకోలేరు.

మరో ముడి సార్ ప్రాంతం. జర్మన్ మాట్లాడే జనం, ఫ్రాన్స్ పట్టు. 1955 అక్టోబర్ 23న ఓటు వేయిస్తే నూటికి 67 మందికి పైగా యూరప్ పర్యవేక్షణ ప్రతిపాదనను కాదన్నారు. ఫ్రాన్స్ ఆ తీర్పును మన్నించింది. 1957 జనవరి 1న సార్ జర్మనీలో కలిసింది. బదులుగా ఫ్రాన్స్‌కు సరిహద్దు గనుల్లో కొన్నేళ్లు బొగ్గు తవ్వుకునే హక్కు, లొరేన్ ఉక్కు రైన్ నదికి చేరేలా మోజెల్ నదిని పెద్ద పడవలకు అనువుగా మార్చే ఒప్పందం. నది పని 1964లో పూర్తయింది, ఇప్పటికీ పడవలు నడుస్తున్నాయి. భూమి ఒకరికి, దారి మరొకరికి.

నాయకులు కౌగిలించుకుంటే జనం మనసు మారుతుందా?
— ఒక గృహిణి, నిజామాబాద్

దానంతటది మారదు. అందుకే ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ చేసుకున్న 1963 జనవరి 22 నాటి ఒప్పందంలో స్నేహం గురించిన మాటల కంటే తేదీల గురించిన మాటలు ఎక్కువ: దేశాధినేతలు ఏడాదికి కనీసం రెండుసార్లు, విదేశాంగ మంత్రులు మూడు నెలలకోసారి కలిసి తీరాలి. పోట్లాట ఉన్నప్పుడు "మాట్లాడదాం రా" అని ముందు పిలిచినవాడు చులకన అవుతాడు. తేదీ ముందే రాసి ఉంటే ఎవరూ పిలవనక్కర్లేదు. అదే ఏడాది పెట్టిన ఉమ్మడి యువజన కార్యాలయం ద్వారా ఇప్పటికి 90 లక్షలకు పైగా పిల్లలు అటూ ఇటూ వెళ్లొచ్చారు. పక్కదేశపు ఇంట్లో రెండు వారాలు అన్నం తిన్న పిల్లవాడికి ఆ దేశమంటే ఆ ఇంటి అమ్మ గుర్తొస్తుంది. 2006 నుంచి రెండు దేశాల స్కూళ్ల కోసం కలిసి రాసిన చరిత్ర పుస్తకం కూడా ఉంది.

జర్మనీ అప్పులు మాఫీ చేశారని విన్నాం. నిజమేనా?
— ఒక రైతు, తెనాలి

సగం మాఫీ, సగం వాయిదా. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1921లో జర్మనీ నెత్తిన 13,200 కోట్ల బంగారు మార్కులు పెట్టారు. చెల్లింపులు తప్పగానే 1923లో ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు రూర్‌లో దిగాయి. ఆ కసి మీదే హిట్లర్ పెరిగాడు. 1953 ఫిబ్రవరి 27న లండన్‌లో అదే తప్పు చేయలేదు. సుమారు 3,000 కోట్ల మార్కుల అప్పును దాదాపు సగానికి తగ్గించారు. జర్మనీ ఎగుమతుల మీద మిగిలే డబ్బుతోనే కట్టగలిగేలా వాయిదాలు పొడిగించారు. దాంతో అప్పిచ్చిన దేశాలకే జర్మన్ సరుకు కొనాల్సిన అవసరం పుట్టింది: కొనకపోతే తమ బాకీ రాదు. పంట చేతికొచ్చాకే కిస్తీ కట్టమన్నట్టు. పాత వడ్డీలో కొంత దేశం ఏకమయ్యాక కట్టమన్నారు, ఆ చివరి కిస్తీ 2010 అక్టోబర్ 3న తీరింది. ఇందులో నష్టపోయినవాళ్లూ ఉన్నారు. హిట్లర్ సైన్యం దోచిన దేశాల యుద్ధ నష్టపరిహారాన్ని "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టారు. గ్రీసు ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

జర్మనీలో ఎం.ఎస్. చదువుతున్నాను. పాత బాంబు దొరికిందని మా వీధి మొత్తం ఖాళీ చేయించారు. 80 ఏళ్ల తర్వాత కూడా అది పేలుతుందా? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక తెలుగు విద్యార్థి

పేలుతుంది, కొన్ని రకాలు అప్పటికంటే ఇప్పుడే ప్రమాదం. మామూలు ఫ్యూజు దెబ్బ తగిలితే పేలేది, దాన్ని జాగ్రత్తగా విప్పవచ్చు. ఆలస్యంగా పేలేలా చేసిన రసాయన ఫ్యూజు వేరు. అందులో గాజు గొట్టంలో ఎసిటోన్, కింద సెల్యులాయిడ్ బిళ్ల, ఆ బిళ్ల ఆపి ఉంచిన స్ప్రింగు మేకు. గొట్టం పగిలితే ఎసిటోన్ బిళ్లను కరిగిస్తుంది, కరిగాక మేకు దిగుతుంది. బాంబు మెత్తటి నేలలో తిరగబడి ముక్కు పైకి ఉండిపోతే ఎసిటోన్ బిళ్లను పూర్తిగా తాకలేదు. కానీ ఆ బిళ్ల ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. ఇవాళ పక్కన జేసీబీ అదిరినా చాలు. 2010 జూన్ 1న గ్యోటింగెన్‌లో ఇలాంటి 500 కిలోల బాంబు, నిర్వీర్యం చేసే పనికి సిద్ధమవుతుండగానే పేలి ముగ్గురు నిపుణులు చనిపోయారు.

అందుకే ఇల్లు కట్టాలంటే ముందు, మిత్రదేశాల విమానాలు యుద్ధకాలంలో తీసిన ఫొటోల్లో ఆ స్థలాన్ని వెతికి చూస్తారు. పేలిన చోట పెద్ద గుంట ఉంటుంది. పేలనిది చిన్న బొక్క. 2017 సెప్టెంబర్ 3న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక పెద్ద బ్రిటిష్ బాంబు కోసం 60 వేల మందికి పైగా ఖాళీ చేశారు.

మీరు చేయాల్సింది: పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు, ఇన్సూరెన్స్ కార్డు, రోజూ వేసుకునే మందులు, చార్జరు, ఓ పూట తిండి, వెచ్చటి బట్ట. గ్యాస్ స్టవ్ కట్టేయండి. తలుపు తాళం వేసి, మీ బిల్డింగులో జర్మన్ రాని మనవాళ్లుంటే వాళ్లకూ చెప్పి తీసుకెళ్లండి. నగర పాలక సంస్థ బళ్లోనో హాల్లోనో చోటు చూపిస్తుంది, బస్సులు పెడుతుంది. రాత్రి షిఫ్టు చేసి నిద్రపోతున్నామని లోపలే ఉండిపోవద్దు. పోలీసులు ప్రతి తలుపూ కొడతారు, హెలికాప్టర్ నుంచి కూడా చూస్తారు. ఒక్క మనిషి మిగిలినా నిపుణులు బాంబు దగ్గరికి వెళ్లరు, వేలమంది గంటల తరబడి బయటే ఉండిపోతారు, మీకు జరిమానా కూడా పడవచ్చు. పని అయిపోయిందన్న ప్రకటన నగరం అధికారిక సైట్‌లో, ఫోన్‌లో వచ్చే హెచ్చరిక యాప్‌లో కనిపించాకే తిరిగి వెళ్లండి. స్నేహితుల గ్రూపుల్లో వచ్చింది చూసి బయలుదేరవద్దు.